ఆగినవి లెక్కలోకి రావు

ట్రాఫిక్ అంటే ఏమిటో తేల్చడానికి మా సంస్థకు పదకొండు సమావేశాలు పట్టాయి. పన్నెండోది, తేల్చినందుకు అభినందన సభ.

మా సంస్థ పేరు నగర చలన ప్రాధికార సంస్థ. నగరంలో రోడ్లు వేసేవాళ్లు వేరు, వేసిన మర్నాడు తవ్వేవాళ్లు వేరు. వాటి మీద బండ్లు కదిలేలా చూడటం మా పని. నేనక్కడ కాంట్రాక్టు ప్రోగ్రామర్‌ని. నాలుగేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివి, ఏదో పొడిచేద్దామనుకుని, చివరికి మూడో అంతస్తులో గోడంత తెరకి అంకెలు వండి పెడుతున్నాను.

ఆ తెర మధ్యలో ఒకే ఒక పెద్ద అంకె ఉంటుంది. నగర సగటు వేగం. దాని కింద నూట పద్నాలుగు చౌరస్తాల పేర్లు, ఒక్కోదాని పక్కన అక్కడి వేగం. వెనక నగరం మ్యాప్, దాని మీద లెక్కలోకొచ్చే ప్రతి బండీ ఒక చుక్క. కెమెరాలు, జనాల ఫోన్లు ఏ బండి ఎంత వేగంతో పోతోందో పంపిస్తాయి. వాటన్నిటికీ సగటు తీసేది నా ప్రోగ్రాము.

తెర ప్రారంభించిన రోజు ఆ అంకె పదకొండు చూపించింది. గంటకు పదకొండు కిలోమీటర్లు. మా డైరెక్టర్ మార్తాండరావు గారు దాన్ని పరగడుపున తీయించుకున్న షుగర్ రిపోర్టు చూసినట్టు చూశారు. ఎక్కడో పొరపాటు ఉంటుంది, సాయంత్రానికల్లా కనుక్కోమన్నారు.

పొరపాటు నిజంగానే ఉంది. టీ కొట్ల ముందు, మెకానిక్ షెడ్ల ముందు నిలబెట్టిన బండ్లు కూడా సున్నా వేగంతో లెక్కలోకి వచ్చేస్తున్నాయి. అందుకని ఒక్క లైను రాశాను: ఐదు కిలోమీటర్ల కంటే తక్కువ వేగం ఉన్న బండిని లెక్కపెట్టొద్దు. సిగ్నల్ దగ్గర ఆగిన బండికీ, షెడ్డు ముందు పెట్టిన బండికీ తేడా చూడాలని నాకు తెలుసు. మధ్యాహ్నం మూడున్నరైంది, అన్నం తినలేదు, తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. మా వృత్తిలో తర్వాత అనే రోజు ఏ క్యాలెండర్లోనూ ఉండదు.

మర్నాడు పొద్దున తెర మీద అంకె పదిహేడు. ఒక్క రాత్రిలో, ఒక్క గుంత పూడ్చకుండా, నగరం ఆరు కిలోమీటర్లు వేగం పుంజుకుంది. డైరెక్టర్ గారు మైసూర్‌పాక్ పంచారు. ఈ విజయానికి శాస్త్రీయ పునాది వేయాలని కమిటీ కూడా వేశారు. ఆ కమిటీ పదకొండు సమావేశాల తర్వాత ఇచ్చిన నిర్వచనం ఇది: "ట్రాఫిక్ అనగా రహదారిపై చలనంలో ఉన్న వాహనముల సముదాయము. చలనంలో లేని వాహనము ట్రాఫిక్ కాజాలదు."

రిటైర్మెంటుకు దగ్గర పడ్డ ఒక ఇంజినీరు గారు చెయ్యెత్తి, మరి జామ్‌లో ఇరుక్కున్న బండ్ల సంగతేమిటని అడిగారట. డైరెక్టర్ గారు ఓపికగా చెప్పారట, అవి వాహనాలేననీ, కానీ ట్రాఫిక్ కావనీ, వాటికి వేరే శాఖ ఏదైనా ఉండొచ్చనీ.

నేను రోజూ ఆఫీసుకు స్కూటీ మీద వస్తాను. దారిలో రెండు పెద్ద చౌరస్తాలు. మొదటిది పెద్దకమాన్. అక్కడ నలుగురు పోలీసులు, ఆరు కెమెరాలు, కొత్త సిగ్నల్, నీడకో గొడుగు. ఆ చౌరస్తా దాటడానికి ముప్పావు గంట. ఒకరోజు అక్కడే ఇంజన్ ఆపేసి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, ఫోన్‌లో మా డ్యాష్‌బోర్డ్ తెరిచాను. పెద్దకమాన్ వేగం నలభై ఆరు. నగరంలోకెల్లా మొదటి స్థానం.

చుట్టూ చూశాను. పక్క బస్సు డ్రైవరు సీటు మీద కాళ్లు మడిచి కూర్చుని పేపరు చదువుతున్నాడు. అప్పుడు కనబడ్డారు, ఫుట్‌పాత్ ఎక్కించి దూసుకుపోతున్న ఇద్దరు బైకు వాళ్లు. ఆ ఐదారు వందల బండ్లలో నా ప్రోగ్రాము లెక్కపెడుతున్నది ఆ ఇద్దర్నే. మిగతావాళ్లం లేము. బస్సు లేదు, డ్రైవరు లేడు, నేను కూడా లేను. నేను రాసిన లైనే నన్ను తీసేసింది.

రెండో చౌరస్తా సున్నంబట్టి. కెమెరా ఒకటే, సిగ్నల్ పాడై మూడేళ్లు. అక్కడుండేది ఒక్క హోంగార్డు, బాలమణక్క. పందొమ్మిదేళ్ల నుంచి అదే చౌరస్తాలో, అదే సిమెంటు దిమ్మె మీద. ఆ వైపు వచ్చే ప్రతి ఆటో అతన్నీ పేరు పెట్టి పిలుస్తుంది. స్కూలు బస్సుల వేళలు, పాల వ్యాను వేళ, పక్క సందులో ఉన్న పెద్దాసుపత్రికి ఎవరు ఏ రోజు పోతారో, అన్నీ తెలుసు. మంగళవారం, శుక్రవారం పదకొండు దాటాక పచ్చ పట్టీ ఆటో ఒకటి వస్తుంది. అందులో ఒక పెద్దాయన డయాలసిస్‌కి పోతాడు. ఆ ఆటో మలుపులో కనబడగానే ఆమె ఎడమ చెయ్యి దానంతటదే లేస్తుంది.

ఆమె పద్ధతి వేరు. ఎవర్నీ పూర్తిగా ఆపదు. నాలుగు వైపుల నుంచీ కొంచెం కొంచెం వదులుతూ, జడ అల్లినట్టు ఒకదాని మధ్యలోంచి ఒకటి లాగేస్తుంది. ఎంత రద్దీలోనైనా సున్నంబట్టి దాటడానికి నాలుగు నిమిషాలు. అదెలా అని ఒకసారి అడిగితే, యూనిఫాంకి చెంగు లేదు కాబట్టి రుమాలుతో మెడ తుడుచుకుంటూ చెప్పింది. "ఆగిన బండిని మల్ల లేపుడే కష్టం బిడ్డా. నడిచేదాన్ని నడిపిచ్చుడు అల్కగ. మెల్లగ పోనీ, గని ఆగనియ్యొద్దు."

మెల్లగా పోనిస్తుంది కాబట్టి అక్కడి బండ్లన్నీ పది, పన్నెండు, పద్నాలుగు వేగంతో ఉంటాయి. ఐదు కంటే ఎక్కువ. అంటే అందరూ లెక్కలోకి వస్తారు. అందుకని తెర మీద సున్నంబట్టి వేగం పదమూడు. నూట పద్నాలుగు చౌరస్తాల్లో నూట పద్నాలుగో స్థానం.

పెద్దకమాన్ ఎస్సైకి శాలువా కప్పారు. బాలమణక్కకి మెమో వచ్చింది.

ఆ సాయంత్రం నేను ఆగగానే జేబులోంచి మడత తీసి ఇచ్చింది. సదరు చౌరస్తా నగర సగటు వేగమునకు తీవ్ర విఘాతము కలిగించుచున్నందున, ముప్పది దినములలోగా ముప్పది కిలోమీటర్ల వేగమును సాధించవలెననియు, లేనిచో విధుల నుండి తొలగించబడుదురనియు రాసి ఉంది.

"ముప్పై అంటే బస్సులు ఒకదాన్నొకటి గుద్దుకునుడే," అంది. "నాదేం తప్పో జెప్పు. కంప్యూటర్ల పని జేస్తవ్ గద, అండ్ల ఏముందో నీకు తెల్వదా?"

తెలుసని చెప్పలేకపోయాను. మాట్లాడతానక్కా అన్నాను. ఆమె ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే. ఆ మెమో మీద ఉన్నది డైరెక్టర్ గారి సంతకమే కానీ, అసలు రాసింది నా లైను.

మర్నాడే డైరెక్టర్ గారి గదికి వెళ్లాను. ల్యాప్‌టాప్ తెరిచి, బొమ్మలు గీసి చూపించాను. పెద్దకమాన్‌లో బండ్లు కదలట్లేదు కాబట్టి లెక్కలోంచి జారిపోతున్నాయి, ఫుట్‌పాత్ మీద పోయే ఇద్దరి వేగమే అక్కడి సగటు. సున్నంబట్టిలో అందరూ నెమ్మదిగా కదులుతున్నారు కాబట్టి అందరూ లెక్కకొస్తున్నారు. నెమ్మదిగా పోయేవాళ్ల వల్ల సగటు తగ్గుతుంది, పూర్తిగా ఆగిపోయినవాళ్ల వల్ల తగ్గదు. ఇది తప్పు సార్, నా తప్పే, ఒక్క లైను మారిస్తే సరిపోతుంది అన్నాను.

డైరెక్టర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అర్థమైందనుకున్నాను. నిజంగానే అర్థమైంది.

"అనగా, మందగమన వాహనములను సంపూర్ణంగా నిలుపుదల చేసినచో, నగర సగటు వేగం గణనీయంగా పెరుగునన్నమాట."

అది కాదు సార్ నేను చెప్పేది అన్నాను.

"నువ్వు చెప్పిందే అమ్మా. ఇంత కాలం మనం వాహనాలను కదిలించడానికి వృథా ప్రయాస పడ్డాం. ఇదీ ఇన్నోవేషన్ అంటే. మీ తరం ఆలోచనే వేరు."

వారం తిరక్కుండా మందగమన వాహనముల సంపూర్ణ విరామ పథకం వచ్చింది. సర్క్యులర్‌లో రూపకల్పన అన్న చోట నా పేరు కూడా వేశారు. మా అమ్మ ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

పథకం చాలా సులువు. గంటకు ఇరవై కంటే తక్కువ వేగంతో పోయే బండి ఏది కనబడినా తాడు అడ్డంపెట్టి ఆపెయ్యాలి. మొదట రిక్షాలు, తోపుడు బండ్లు. తర్వాత ఆటోలు. తర్వాత సిటీ బస్సులు, ఎందుకంటే అవి స్టాపుల్లో ఆగి మనుషుల్ని ఎక్కించుకోవడానికి నెమ్మదిస్తున్నాయి. ఎర్రలైటు పద్దెనిమిది నిమిషాలకు పెంచారు. పచ్చలైటు పడిందంటే బండ్లు ముందు నెమ్మదిగానే కదులుతాయి, అది సగటుకు నష్టం కాబట్టి పచ్చలైటు వీలైనంత అరుదుగా వెయ్యమన్నారు. సగటు ఇరవై తొమ్మిదైంది. తర్వాత ముప్పై ఎనిమిది. తర్వాత యాభై ఒకటి. పేపర్లో వేశారు. పక్క రాష్ట్రం నుంచి ఒక బృందం మన పద్ధతి చూసి నేర్చుకోవడానికి బయల్దేరింది. ఊరి పొలిమేరలో ఆగిపోయింది, తర్వాత వాళ్ల గురించి ఏం తెలియలేదు.

జనం అలవాటు పడ్డారు. మనవాళ్లు దేనికైనా పడతారు. పెద్దకమాన్ దగ్గర మిర్చిబజ్జీల బండి కార్ల మధ్య రెండు బ్రాంచీలు తెరిచింది. ఒక మంగలి బస్సులో కిటికీ కిటికీకీ తిరుగుతూ గడ్డాలు గీశాడు. ముప్పై రెండో నంబరు బస్సులో ఇరుక్కున్న పెళ్లివారు ముహూర్తం మించిపోతోందని కండక్టర్ సీటు దగ్గరే జీలకర్రా బెల్లం పెట్టించేశారు. ఎదురుగా ఆగిన లారీ డ్రైవరు ఆడపెళ్లివారి తరఫున అక్షింతలు వేశాడని, అసలు వధువు తండ్రి ఇంకో బస్సులో ఉన్నాడని విన్నాను. విలేఖరులు ఇబ్బందుల గురించి అడిగితే మా డైరెక్టర్ గారు, పౌరుల జీవితంలో స్థిరత్వం తీసుకొచ్చామన్నారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఒక్క సున్నంబట్టిలోనే బండ్లు కదులుతున్నాయి. సూపర్‌వైజర్ వచ్చి తాడు ఇచ్చి వెళ్లాడు. బాలమణక్క దాన్ని దిమ్మెకి చుట్టి, మీద కూర్చుంటోంది, మెత్తగా ఉంటుందని. మెమోలో గడువు రోజురోజుకీ దగ్గరపడుతోంది. ఉండబట్టలేక నేనే చెప్పాను, అక్కా, నాలుగు వైపులా ఆపేసెయ్, నీ నంబరు పైకి పోతుంది, ఉద్యోగం ఉంటుంది అని.

ఆమె ఆసుపత్రి సందు వైపు చూసింది. "ఆపుతే గా సందులకు ఎట్ల పోతరు?"

ఆ ప్రశ్నకు మా పథకంలో కాలమ్ లేదు.

ఉత్తమ చలన నగరం అవార్డుకు మా ఊరు తుది జాబితాలో చేరింది. ముగ్గురు జడ్జీలు స్వయంగా చూడటానికి వస్తున్నారు. అతిథిగృహం నుంచి కళాభవనానికి కాన్వాయ్. దారి సున్నంబట్టి మీదుగా. ఆ రోజు శుక్రవారం. బాలమణక్క మెమోకి సరిగ్గా ముప్పయ్యో రోజు.

పొద్దున ఎనిమిదింటికే సూపర్‌వైజర్ ఆమెకు ఆఖరి మాట చెప్పి వెళ్లాడు. పదిన్నర నుంచి నాలుగు వైపులా పూర్తి విరామం. ఒక్క చక్రం తిరగకూడదు. నంబరు బాగుంటే మెమో వెనక్కి తీసుకుంటారు, లేకపోతే సాయంత్రానికి టోపీ, బెల్టు అప్పగించి వెళ్లాలి. ఆ ఒక్కరోజు, పందొమ్మిదేళ్లలో మొదటిసారి, ఆమె దిమ్మెకి చుట్టిన తాడు విప్పి రోడ్డుకి అడ్డంగా కట్టింది.

పదిన్నరకి నగరం మొత్తం ఆగిపోయింది. మూడో అంతస్తులో తెర ముందు మేమంతా నిలబడ్డాం. పెద్దపెద్దవాళ్లు కుర్చీల్లో ఉన్నారు. రోడ్డు మీద కదులుతున్నది కాన్వాయ్ ఒక్కటే. నగర సగటు వేగం ఎనభై రెండు. చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పదకొండుంబావుకి కాన్వాయ్ సున్నంబట్టి చేరింది. చేరి ఆగింది. పదిన్నరకి ముందే నాలుగు వైపులా ఆపిన బండ్ల వెనక మరిన్ని చేరి, సందు దొరికినవి ముందుకు తోసుకొచ్చి, చౌరస్తా నడిమధ్య దాకా నిండిపోయి ఉన్నాయి. కాన్వాయ్ కార్లు వెనక్కి పోదామన్నా వెనక వచ్చిన పోలీసు జీపులే అడ్డం.

ఇప్పుడు నగరంలో కదిలే బండి ఒక్కటీ లేదు. తెర మీద అంకె ఒక్క క్షణం మినుకుమంది. సగటు తీయడానికి బండ్లు లేకపోతే ఏం చూపించాలని అప్పుడెప్పుడో రాశానో గుర్తు చేసుకుంటున్నాను. గుర్తొచ్చేలోపు తెరే చూపించింది. గోడంత ఆకుపచ్చ రంగు, మధ్యలో తెల్లటి అక్షరాలు:

నగరంలో ట్రాఫిక్ లేదు.

గదిలో అందరూ లేచి నిలబడ్డారు. కారులో ఇరుక్కున్న జడ్జీల చేతుల్లో కూడా మా ట్యాబ్‌లు ఉన్నాయి. వాళ్లకీ అదే కనబడింది. కిటికీలోంచి చూడాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. అక్కడికక్కడే మార్కుల పత్రం మీద ముగ్గురూ సంతకం పెట్టారని తర్వాత తెలిసింది.

నా ఫోన్ మోగింది. బాలమణక్క. హారన్ల మధ్య మాట సరిగా వినబడట్లేదు.

"బిడ్డా, పచ్చ పట్టీ ఆటో ఇప్పుడే కనవడ్డది. మూడో వర్సల ఇరుక్కుంది. ముసలాయన ముఖం ఉబ్బింది. ఏం జెయ్యాలె?"

నేను తెర వైపు చూశాను. డైరెక్టర్ గారు ఎవరికో ఫోన్‌లో కృతజ్ఞతలు చెబుతున్నారు. ఆమె ఉద్యోగం ఆ ఆకుపచ్చ రంగులో ఉంది. నేను ఏ సమాధానం చెప్పినా అది నాకు సులువు, ఆమెకు కాదు.

"నాకు తెల్వదక్కా," అన్నాను.

"నాకు ఎర్కనే," అంది. "ఉత్తగ అడిగిన." ఫోన్ పెట్టలేదు. జేబులో వేసుకున్నట్టుంది. గుడ్డ రాపిడి, దాని వెనక విజిల్, పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. తర్వాత ఆమె గొంతు, ఏ జడ్జీకో, ఏ ఎస్పీకో తెలియదు: "ఓ తెల్లకారు సార్, జర ఎన్కకు. ఇంగ. ఇంగ. కాల్మొక్త బాంచెన్ అంటలేను, ఎన్కకు అంటున్న."

తెర మీద ఒక చుక్క వెలిగింది. ఆరు కిలోమీటర్లు. తర్వాత రెండోది, ఏడు. జడ అల్లినట్టు ఒక్కొక్కటే వెలుగుతూ సున్నంబట్టి నుంచి చుక్కలు నాలుగు వైపులా పాకడం మొదలుపెట్టాయి. పది నిమిషాల్లో ఆటో ఆసుపత్రి సందులోకి తిరిగింది. దాని వెనకే కాన్వాయ్ కూడా బయటపడింది, గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగంతో. ఆకుపచ్చ పోయి తెరంతా ఎరుపు. నగర సగటు వేగం ఎనిమిది.

గదిలో లేచినవాళ్లంతా ఒక్కొక్కరే కూర్చున్నారు.

అవార్డు మాకే వచ్చింది. సంతకాలు అయిపోయాయిగా. బాలమణక్కకి సాయంత్రం అభియోగ పత్రం వచ్చింది. ఉదయం పదకొండు గంటల ఇరవై ఏడు నిమిషాలకు, నగరం సంపూర్ణంగా ట్రాఫిక్ రహితంగా ఉన్న సమయంలో, సదరు హోంగార్డు ఉద్దేశపూర్వకంగా, ఎవరి అనుమతీ లేకుండా, నగరంలోకి ట్రాఫిక్‌ను ప్రవేశపెట్టినట్లు నిర్ధారణ అయినది. తొలగింపు ఉత్తర్వు రెండు రోజుల్లో వస్తుందన్నారు.

డైరెక్టర్ గారు నన్ను పిలిచారు. ఆ ఎనిమిది అంకె వార్షిక నివేదికలో కనబడకూడదన్నారు. ఒక్క చౌరస్తా వల్ల నూట పదమూడు చౌరస్తాల శ్రమ వృథా కావడం న్యాయమేనా అని నన్నే అడిగారు. న్యాయం కాదు సార్ అన్నాను. మా చదువులో ఇలాంటిదాన్ని అసాధారణ విలువ అంటాం సార్, మిగతావాటికి పొసగని అంకెని పక్కన పెట్టేస్తాం, కావాలంటే సున్నంబట్టిని రికార్డుల్లోంచే తీసేద్దాం అన్నాను. మ్యాప్‌లోంచి, జాబితాలోంచి, అన్నిట్లోంచీ. మీరు లిఖితపూర్వకంగా ఆమోదిస్తే చాలు.

ఆయన వెంటనే సంతకం పెట్టారు. నేను వెంటనే ఒక లైను రాశాను. ఈసారి అన్నం తినే రాశాను.

రెండు రోజుల తర్వాత తొలగింపు ఉత్తర్వు తయారు చేద్దామని సిబ్బంది విభాగం వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. హోంగార్డుని తొలగించాలంటే ఏ చౌరస్తా నుంచి తొలగిస్తున్నారో ఎంచుకోవాలి. జాబితాలో నూట పదమూడున్నాయి. సున్నంబట్టి లేదు. సదరు పేరుతో నగరంలో చౌరస్తా ఏదీ లేనందున, లేని చోట విధులు నిర్వర్తించిన వ్యక్తిపై చర్య తీసుకొనుటకు నిబంధనలు అనుమతించవని రాసి ఫైలు పైకి పంపారు. పైవాళ్లు పరిశీలనకు కిందికి పంపారు. ఆ ఫైలు ఇప్పటికీ అంతస్తుల మధ్య తిరుగుతూనే ఉంది. మా ఆఫీసులో నిరంతరాయంగా కదిలేది అదొక్కటే.

జీతం ఎలాగని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. హోంగార్డుల హాజరు ఇంకా స్టేషన్‌లో చిరుగుల రిజిస్టరులోనే వేస్తారు, జీతం దాన్ని చూసే ఇస్తారు. బాలమణక్క పొద్దున ఏడింటికి వెళ్లి సంతకం పెట్టి దిమ్మె ఎక్కుతుంది.

ఈ మధ్య నగరంలో ఎక్కడికి వెళ్లాలన్నా జనం సున్నంబట్టి మీదుగానే వెళ్తున్నారు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెబుతున్నారు, మ్యాప్‌లో వెతక్కండి, దొరకదు, ఆటో అతన్ని అడగండి అని. మొన్న శుక్రవారం నేనూ అలాగే దాటుతుంటే ఆమె చెయ్యెత్తి నన్ను కాస్త ఆపింది. నా ముందు నుంచి పచ్చ పట్టీ ఆటో వెళ్లింది. వెనక సీట్లో పెద్దాయన, చేతిలో రిపోర్టుల సంచి.

"ఏందే బిడ్డా," అంది, నన్ను వదులుతూ, "మనది కంప్యూటర్ల లేదంట గద. ఎవలో అంటుండ్రు. మల్ల ఎప్పుడు ఎక్కిస్తవ్?"

తర్వాత చూద్దాంలే అక్కా అన్నాను.